రూపం మారినా నిలిచే ప్రేమ: కళాపూర్ణోదయ ప్రణయకథ – గుణదోష పరిశీలన

ప్రస్తావన

పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని తెలుగు విమర్శ తలచుకున్నప్పుడల్లా ముందుగా తలచుకునేది దాని కథాసంవిధానాన్ని. ఎక్కడో వేసిన ముడి మరెక్కడో విడిపోతుంది. తొలి ఆశ్వాసాల్లో వినిపించిన చిన్న మాటకు మలి ఆశ్వాసాల్లో సమాధానం దొరుకుతుంది. ఎనిమిది ఆశ్వాసాల పొడవునా పాఠకుడి ఉత్కంఠ సడలదు. 20వ శతాబ్ది తొలి పాదంలో కట్టమంచి రామలింగారెడ్డి తమ కవిత్వతత్త్వ విచారానికి ఈ కావ్యాన్నే కేంద్రంగా తీసుకున్నారు. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దీన్ని ఆంగ్లంలోకి అనువదించి, నవలకు చేరువైన రచనగా ప్రపంచ పాఠకులకు పరిచయం చేశారు. కట్టుకథలతో కాలక్షేపం చేసిన ప్రబంధ కవి అన్న నింద సూరనకు అంటకపోవడానికి ఈ విమర్శ పరంపర ఎంతో తోడ్పడింది.

అయితే కళాపూర్ణోదయం చిక్కుముడుల కథ మాత్రమే కాదు, ప్రేమకథ కూడా. ప్రేమకథగా దాని బలమేమిటి, బలహీనత ఏమిటి అన్న ప్రశ్న నిర్మాణ ప్రశంస చాటున చాలావరకు ఉండిపోయింది. సూరన ఈ కావ్యంలో ప్రేమ మీది పొరలను ఒక్కొక్కటిగా ఒలుస్తూ పోతాడు. మొదట ఆభరణం, తరవాత రూపం, ఆపైన స్త్రీపురుష భేదం, చివరికి జన్మ. ఇవన్నీ తొలగిపోయాక ప్రేమలో మిగిలేదేమిటి అని అడగగలిగిన సాహసమే ఈ కావ్యపు ప్రధాన గుణం. ఆ ప్రశ్న దగ్గర చివరిదాకా నిలవలేకపోవడమే దాని ప్రధాన దోషం. ఈ రెండింటినీ కావ్యంలోని సన్నివేశాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

సీమ కవులు, మాయారూపాలు

కళాపూర్ణోదయం 16వ శతాబ్దిలో నంద్యాల కృష్ణరాజుకు అంకితమైంది. నిన్నమొన్నటి వరకు కర్నూలు జిల్లాలో ఉండి, 2022లో కొత్త జిల్లాకు కేంద్రమైన నంద్యాల ఆ విధంగా ఈ కావ్యంతో ముడిపడింది. పక్కనున్న కడప జిల్లాలోని కోకటం అల్లసాని పెద్దన అగ్రహారంగా ప్రసిద్ధం. వానలు తక్కువైన ఈ సీమ నేలతో సంబంధమున్న ఇద్దరు కవులూ ప్రియుడి రూపు ధరించిన మరొకరి కథను తమ కావ్యాలకు కీలకంగా చేసుకున్నారు. వారిద్దరి మధ్య తేడాను గమనిస్తే సూరన ప్రత్యేకత స్పష్టమవుతుంది.

మనుచరిత్రలో వరూధిని ప్రవరుణ్ని కోరుతుంది. అతడు తిరస్కరించి వెళ్లిపోతాడు. అంతకుముందు ఆమె తిరస్కారానికి గురైన గంధర్వుడొకడు ప్రవరుడి రూపంలో వచ్చి ఆమెను పొందుతాడు. తన నిజరూపం బయటపడకుండా ఆమె కళ్లు మూసుకోవాలన్న నియమం పెడతాడు. ఇక్కడ మోసం ఒకవైపు నుంచే సాగుతుంది. మోసగించేవాడికి అంతా తెలుసు, మోసపోయే ఆమెకు ఏమీ తెలియదు. పాఠకుడు గంధర్వుడి పక్కన నిలబడి వరూధినిని చూస్తాడు. ఆమె మీద జాలి కలుగుతుంది కాని, ఆమె అనుభవం ఒక ప్రశ్నగా పెరగదు.

సూరన ఈ ఏర్పాటును తలకిందులు చేశాడు. ద్వారకలోని వేశ్య కలభాషిణి విమానంలో రంభతో కలిసి విహరించే నలకూబరుడిపై మనసు పడుతుంది. కోరిన రూపం పొందగల వరం ఆమెకు లభిస్తుంది. మరోవైపు, నారదుడి శిష్యుడైన గంధర్వుడు మణికంధరుడి తపస్సును చెరచడానికి ఇంద్రుడు రంభను పంపుతాడు. మణికంధరుడు నలకూబరుడి రూపం దాలుస్తాడు, కలభాషిణి రంభ రూపం దాలుస్తుంది. చివరికి రంభ రూపంలోని కలభాషిణి, నలకూబరుడి రూపంలోని మణికంధరుడు కలుసుకుంటారు. ఇక్కడ ఇద్దరూ మోసగించేవారే, ఇద్దరూ మోసపోయేవారే. తన రూపం అబద్ధమని ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎదుటివారి రూపం కూడా అబద్ధమేనన్న సంగతి మాత్రం ఇద్దరికీ తెలియదు.

దీనివల్ల మాయారూపం కథలో ఒక ఉపాయంగా మిగలక, ప్రేమ స్వభావాన్ని గురించిన ప్రశ్నగా మారుతుంది. కలభాషిణి ప్రేమించింది నలకూబరుణ్నా, నలకూబరుడి రూపాన్నా? ఆమె పొందిన సుఖం ఎవరి వల్ల కలిగింది? ఇద్దరు రంభలు ఎదురెదురుగా నిలిచి, నువ్వు మాయావివంటే నువ్వు మాయావివని తగువులాడుకునే ఘట్టంలో ఈ ప్రశ్న హాస్యం రూపంలో బయటికి వస్తుంది. రూపమే ప్రమాణమైతే ఆ తగవు తీరే మార్గం లేదు. ఒకే పద్యంలో రామాయణ భారతాలను నడిపించిన రాఘవపాండవీయ కర్తకు ఇటువంటి చోట్లు ఇష్టం కావడం సహజం. అక్కడ ఒకే శబ్దానికి రెండు అర్థాలు, ఇక్కడ ఒకే రూపానికి ఇద్దరు వ్యక్తులు. శ్లేషను శబ్దం నుంచి దేహానికి తీసుకుపోవడం సూరన సాధించిన పెద్ద విజయం.

నగలు లేని సుగాత్రి

రూపం గురించిన ఈ ప్రశ్నకు కావ్యంలోనే ఒక జవాబు ఉంది. అది సుగాత్రీ శాలీనుల కథ. శాలీనుడు ఇల్లటపుటల్లుడు, పేరుకు తగ్గట్టే సిగ్గరి. సర్వాభరణాలతో అలంకరించుకొని పడకగదికి వచ్చిన భార్యను అతడు తాకడు. ఆమె అందగత్తె కాదని కాదు, అతడికి ఆమెపై అయిష్టమూ లేదు. ఆ అలంకారాల వెనుక ఉన్న మనిషి అతడికి కనిపించదు. అల్లుడు తోటపనికి దిగినప్పుడు సుగాత్రి నగలు తీసేసి, తానూ ఆ పనిలో చేయి కలుపుతుంది. చెమటతో, మట్టితో, శ్రమతో అలసిన ఆమెను చూసినప్పుడే అతడిలో ప్రేమ మేలుకొంటుంది.

ప్రబంధ నాయికా వర్ణన సంప్రదాయంలో ఈ ఘట్టం విలువ చాలా ఎక్కువ. ఆపాదమస్తక వర్ణనలతో, ఆభరణాల కాంతులతో నాయికను నిర్మించే కాలంలో సూరన ఆ సామగ్రి మొత్తాన్ని పక్కన పెట్టినప్పుడే ప్రేమ పుడుతుందని చూపాడు. ఇల్లటం ఎరిగిన రాయలసీమ పాఠకులకు శాలీనుడి ముడుచుకుపోయే స్వభావం కొత్తగా తోచదు. అత్తవారింట పరాయివాడిలా బతికే మగవాడికి తన పనిలో పాలు పంచుకున్న భార్యే తనదన్న భావన కలిగిస్తుంది. ఇక్కడ శృంగారానికి ఆధారం అలంకారం కాదు, సమానమైన శ్రమ. అంతకన్నా ముఖ్యంగా, సూరన ఇక్కడ తొందరపడలేదు. భర్త ఎందుకు దూరంగా ఉన్నాడో తెలియని భార్య సందిగ్ధాన్ని, చెప్పలేని భర్త సంకోచాన్ని, పని మధ్యలో ఇద్దరి చూపులు కలిసిన క్షణాన్ని కథ పాఠకుడి ముందు నిలుపుతుంది. కావ్యంలో ప్రేమ కథనానికి లొంగకుండా కథనమే ప్రేమకు లొంగిన చోటు ఇది.

ఆడతండ్రి, మగతల్లి

ఈ శాలీనుడు, సుగాత్రి తరవాతి కాలంలో మణిస్తంభుడనే సిద్ధుడిగా, సుముఖాసత్తిగా కథలో తిరిగి కనిపిస్తారు. వారి మధ్య స్త్రీపురుష రూపాలు తారుమారవుతాయి. సుముఖాసత్తి పురుషుడవుతుంది, మణిస్తంభుడు స్త్రీ అవుతాడు. కథానాయకుడైన కళాపూర్ణుడు ఈ దంపతులకే పుడతాడు. తండ్రి ఒకనాటి స్త్రీ, తల్లి ఒకనాటి పురుషుడు. ఆభరణం తీసేశాక నిలిచిన ప్రేమ, ఇప్పుడు లింగం మారాక కూడా నిలుస్తుందా అని కవి అడుగుతున్నాడు. నగలు తొలగించడం నుంచి లింగం మార్చడం దాకా ఒకే జంట మీద ఒకే ప్రయోగాన్ని కొనసాగించడం యాదృచ్ఛికం కాదు. పురాణాల్లో ఇలుడి వంటి రూపాంతరాలు శాపం వల్లనో, నిషిద్ధ వనంలో ప్రవేశించడం వల్లనో జరుగుతాయి. ఇక్కడ అది ఒక దాంపత్యం లోపలే జరుగుతుంది, ఇద్దరికీ ఒకేసారి జరుగుతుంది. ఆ ఇద్దరి మధ్య అనుబంధం తెగదు.

అయితే సుగాత్రి తోట దగ్గర ఆగినట్టు కవి ఇక్కడ ఆగలేదు. పురుషుడిగా పుట్టి స్త్రీగా బిడ్డను కన్న మణిస్తంభుడి మనసులో ఏం జరిగింది? స్త్రీగా బతికి పురుషుడైన సుముఖాసత్తి తన భాగస్వామిని ఇప్పుడు ఏ కళ్లతో చూస్తున్నది? ఈ ప్రశ్నలకు పద్యాల్లో తగిన చోటు దక్కలేదు. రూపమార్పిడి కళాపూర్ణుడి జన్మకు సంబంధించిన విడికథను విప్పే తాళంచెవిగా పనిచేసి, పని ముగియగానే పక్కకు తప్పుకుంటుంది. ఇంకొక సంగతి కూడా ఉంది. తన సిద్ధి కోసం కలభాషిణిని దేవికి బలి ఇవ్వబోయినవాడు ఈ మణిస్తంభుడే. ఆమెను కాపాడింది సుముఖాసత్తి. కలభాషిణి మరుజన్మలో మధురలాలసగా పుట్టి కళాపూర్ణుణ్ని చేపడుతుంది. అంటే ఆమెను చంపబూనినవాడే మరుజన్మలో ఆమెకు అత్త అవుతాడు. ఇంత భయంకరమైన, ఇంత లోతైన సంబంధాన్ని కల్పించి కూడా కవి దాని నైతిక భారాన్ని పాత్రల మీద మోపలేదు. అది పాఠకుడు వెనక్కి తిరిగి లెక్క చూసుకుంటే తప్ప కనిపించని వింతగా మిగిలిపోయింది.

ఒక చీనా నవలతో పోలిక

ఈ లోపం ఎక్కడ ఉందో స్పష్టంగా చూడడానికి దేశకాలాల్లో దూరమైన ఒక రచనతో పోలిక ఉపకరిస్తుంది. చైనాలో దాన్‌మెయ్ పేరుతో ప్రచారంలో ఉన్న ప్రణయ సాహిత్యం ఇద్దరు పురుషుల మధ్య ప్రేమను వస్తువుగా తీసుకుంటుంది. రాసేవారిలోనూ చదివేవారిలోనూ ఎక్కువమంది స్త్రీలు. ఈ శాఖలో అత్యంత ప్రసిద్ధమైన వాటిలో ఒకటి మో షియాంగ్ తోంగ్ షియు రాసిన మో దావ్ జూ షి. ఇది 2015, 2016 సంవత్సరాల్లో ధారావాహికగా వెలువడింది. ప్రాచీన చైనాను తలపించే కల్పిత లోకంలో సిద్ధసాధకుల వంశాల మధ్య నడిచే కథ ఇది. సిద్ధులు, మంత్రశక్తులు, పరదేహం, వెనకటి జీవితపు జ్ఞాపకాలు, ముందు వెనుకలుగా సాగే కథనం – ఈ సామగ్రి అంతా కళాపూర్ణోదయ పాఠకులకు పరిచితమే.

ఆ నవలలో నాయకుడు వెయ్ వూషియెన్ మరణించిన 13 ఏళ్ల తరవాత మరొకరి దేహంలో తిరిగి వస్తాడు. ముఖం వేరు, పేరు వేరు. అతణ్ని ప్రేమించిన లాన్ వాంగ్‌జీ గుర్తుపట్టేది రూపాన్ని చూసి కాదు, వేణువుపై వినిపించిన ఒక బాణీని విని. అది ఒకప్పుడు తాను కూర్చి, అతడికి మాత్రమే వినిపించిన పాట. ఆ గుర్తింపుకు కారణం నాయకుడికి కూడా చాలా ఆలస్యంగా తెలుస్తుంది. రచయిత్రి ఈ ఒక్క గుర్తింపు మీదే నవల మొత్తాన్ని నిలబెట్టింది. పాఠకుడు ఎదురు చూసేది రహస్యాలు విడిపోవడం కోసం మాత్రమే కాదు, గుర్తుపట్టినవాడి మౌనం ఎప్పుడు మాటగా మారుతుందా అని.

ఈ నవల దోషరహితం కాదు. కథనం గతంలోకి, వర్తమానంలోకి పదేపదే మారడం వల్ల వంశాల రాజకీయం కొన్నిచోట్ల ప్రణయాన్ని కప్పేస్తుంది. జియాంగ్ యన్‌లి, వెన్ చింగ్ వంటి స్త్రీ పాత్రలు పురుషుల దుఃఖానికి కారణాలై మరణిస్తారు. వారి సొంత జీవితాలకు దక్కిన చోటు స్వల్పం. 2019లో ఇది టెలివిజన్ ధారావాహికగా వచ్చినప్పుడు నాయకుల ప్రేమ తెరపై స్నేహంగా మారిపోయింది. అయినా గుర్తింపు ఘట్టం బలం తగ్గలేదు. దేహం మారాక ప్రేమ ఎలా నిలుస్తుంది అన్న ప్రశ్నకు ఆ రచన ఒక అనుభవాన్ని జవాబుగా ఇవ్వగలిగింది కాబట్టి.

ఈ పోలిక సూరనను తక్కువ చేయడానికి కాదు. కల్పనా సాహసంలో 16వ శతాబ్ది నంద్యాల కావ్యం చీనా నవల కన్నా ముందుకు వెళ్లింది. అక్కడ దేహం మారింది, లింగం మారలేదు. ఇక్కడ రెండూ మారాయి. అక్కడ ఒక్కరే మారారు, ఇక్కడ ప్రేమించిన ఇద్దరూ మారారు. వెనుకబడింది గుర్తింపు దగ్గర మాత్రమే.

గుర్తింపు స్థానంలో వివరణ

కళాపూర్ణోదయంలో మాయారూపాలు తొలగిపోయిన వేళ పాఠకుడు ఎదురుచూసేది కలభాషిణీ మణికంధరుల పరస్పర దర్శనం కోసం. ఇంతసేపూ తాను నలకూబరుడనుకున్నవాడు నారదుడి వెంట తాను చూసిన గంధర్వుడని తెలిసినప్పుడు ఆమెకు కలిగేది నిరాశా, నవ్వా, కొత్త ప్రేమా? కావ్యం ఇక్కడ వివరణకు పెద్దపీట వేస్తుంది. ఎవరు ఎవరు, ఎప్పుడు ఎక్కడ ఉన్నారు, ఏ వరం ఏ శాపం ఎలా ఫలించింది అన్న సంగతులు వరసగా తేలుతాయి. సంశయం తీరుతుంది కాని, భావం తృప్తి పొందదు.

మరుజన్మలో ఈ లోపం మరింత పెరుగుతుంది. మదాశయ రూపానుభూతుల కూతురిగా పుట్టిన మధురలాలస పసిబిడ్డగా ఉండగానే రత్నస్పర్శతో పూర్వజన్మ స్మృతి పొంది కథ చెబుతుంది. ఊయలలోని శిశువు ఒకనాటి తన ప్రణయాన్ని వివరించడం తెలుగు కావ్యాల్లో సాటిలేని కల్పన. కాని ఆ స్మృతి ఆమెలోని ప్రియురాలికి చెందక, కథకురాలికి చెందింది. కళాపూర్ణుడు తన గతాన్ని వింటాడు, తనంతట తాను గుర్తు చేసుకోడు. ఒకరు చెప్పగా మరొకరు తెలుసుకున్న ప్రేమకు, ఇద్దరూ కలిసి గుర్తుపట్టిన ప్రేమకు మధ్య ఉన్న దూరాన్ని కావ్యం పూడ్చలేదు. ఆ తరవాత అభినవకౌముదితో సవతి మాత్సర్యం, దిగ్విజయం వంటి సంప్రదాయ సామగ్రి ప్రవేశించి, జన్మాంతర ప్రేమను రాజాంతఃపుర శృంగారంగా మార్చేస్తుంది. ఇంత దూరం కొత్త దారిలో నడిచిన కవి చివర్లో అందరూ నడిచిన బాటకే వచ్చి చేరతాడు.

ఈ కథ అంతా బ్రహ్మ సరస్వతికి ముందే చెప్పిన కథ అన్న చట్రం ఈ దోషానికి కొంత కారణం. పాత్రల జీవితం ముందే చెప్పబడిన కథ నిజం కావడం అయినప్పుడు, వారు తమంతట తాము ఏదైనా ఎంచుకునే అవకాశం తగ్గుతుంది. అయితే ఈ చట్రానికి ఒక సార్థకత కూడా ఉంది. ఆ మూలకథ పుట్టింది దంపతుల ఏకాంతంలోని ముద్దు నుంచి. లోకంలో జరిగేదంతా ఒక ప్రణయ క్షణపు ప్రతిధ్వని అన్న ఊహ ప్రేమకు అసాధారణమైన గౌరవం ఇస్తుంది. నిర్మాణంగా చూస్తే ఇది గుణం. పాత్రల అంతరంగం వైపు నుంచి చూస్తే ఇది సంకెల. రెండూ నిజమే.

కలభాషిణి చెల్లించిన మూల్యం

కావ్యాన్ని నడిపించే కోరిక కలభాషిణిది. ఆమె నలకూబరుణ్ని కోరకపోతే కథే లేదు. కాని ఆ కోరికకు మూల్యం చెల్లించింది కూడా ఆమే. మోసపోతుంది, బలిపీఠం దాకా పోతుంది, ఆ జన్మను చాలించి రాజకన్యగా పుట్టిన తరవాతే ఆమె ప్రేమకు వివాహమర్యాద దక్కుతుంది. వేశ్యగా కోరినది తప్పు, రాజకన్యగా కోరినది ఒప్పు అన్న సమాజపు తీర్పును పునర్జన్మ సునాయాసంగా అమలు చేస్తుంది. చీనా నవలలోని స్త్రీ పాత్రల విషయంలో కనిపించిన లోపం మరో రూపంలో ఇక్కడా ఉంది. రూపభేదాన్ని, లింగభేదాన్ని ధిక్కరించిన కల్పన కులవృత్తి భేదం దగ్గర తలవంచింది.

ఉపసంహారం

ప్రబంధాన్ని నవలలా చదివి మనోభావాల లోతును అడగడం న్యాయమా అన్న ఆక్షేపణ రావచ్చు. వస్తునేతృరసాల వ్యవస్థ వేరు, ఆధునిక కథన నీతి వేరు అన్నది నిజం. కాని ఇక్కడ వాడిన కొలబద్ద బయటినుంచి తెచ్చింది కాదు. సుగాత్రీ శాలీనుల కథలో సూరనే దాన్ని తయారుచేశాడు. నగలు తీసేసిన భార్యను భర్త కొత్తగా చూసిన ఆ క్షణంలో నిలవగలిగిన కవిని, లింగం మారినప్పుడు, జన్మ మారినప్పుడు కూడా అలాగే నిలవమని అడగడం అతడి సొంత స్థాయినే అతడికి గుర్తుచేయడం. చీనా నవలతో చేసిన పోలిక ఆ అడగడాన్ని సమర్థించే సాక్ష్యం మాత్రమే.

కాబట్టి కళాపూర్ణోదయాన్ని కథా చమత్కారానికి మాత్రమే మెచ్చుకోవడం దానికి చేసే అన్యాయం. ఆ మెప్పు దాని లోపాన్ని దాచడమే కాదు, దాని అసలు గొప్పదనాన్ని కూడా దాచేస్తుంది. కథ చిక్కులు విడదీయగల కవులు తెలుగులో ఇతరులూ ఉన్నారు. చెమట పట్టిన సుగాత్రిని అందగత్తెగా చూపి, ఆ చూపునే ఆడతండ్రి మగతల్లుల దాకా తీసుకుపోవాలనుకున్న కవి సూరన. ఆ ప్రయాణం మధ్యలో ఆగినా, ఎక్కడ ఆగిందో గుర్తించగలిగినప్పుడే అతడు ఎంత దూరం వచ్చాడో తెలుస్తుంది.